పేకముక్కల అక్షహృదయము

నలోపాఖ్యానము చదివినవారికి హంస దౌత్యమును, దమయంతీ స్వయంవరమును, కార్కోటకుని కాటును జ్ఞాపకముండినంతగా, బాహుకుడను మారుపేరుతో సారథియైయున్న నలుడు ఋతుపర్ణ మహారాజును రథముమీద విదర్భకు గొనిపోవుచు దారిలో ఒక తాండ్రచెట్టు నొద్ద నిలిచిన ఘట్టము జ్ఞాపకముండదు. ఋతుపర్ణుడు ఆ చెట్టును కదలుచున్న రథమునుండియే చూచి, దాని కొమ్మలకు ఎన్ని ఆకులున్నవో, ఎన్ని కాయలున్నవో చెప్పెను. నలుడు నమ్మక రథము నాపి స్వయముగా లెక్కించి చూడగా ఆ సంఖ్య సరిపోయెను. తనకు పాచికల మర్మమైన అక్షహృదయము తెలియుననియు, సంఖ్యావిద్యలో తనకు నేర్పు కలదనియు రాజు చెప్పగా, నలుడు గుర్రముల మర్మమైన తన అశ్వహృదయమును మారుగా నిచ్చి ఆ విద్యను గ్రహించెను. అది పట్టుబడిన మరుక్షణముననే, అంతవరకు అతని దేహమును పట్టి పీడించుచున్న కలి వెలికి వచ్చి ఆ చెట్టులో దూరెను. పాచికలచేత రాజ్యమును పోగొట్టుకొని కట్టుబట్టతో అడవులపాలైన వానికి పాచికల లెక్క తెలిసిన నాడు విముక్తి కలిగినదని మన పూర్వులు కథలో నిమిడ్చి యేనాడో చెప్పియుండగా, మనము మాత్రము పేకముక్క పేరెత్తిన పిల్లవానిని కసరి పంపి, వానికి ఆ లెక్కను నేర్పువారే లేకుండ చేసికొంటిమి.

ఈ ఘట్టము నాకు రెండేండ్ల క్రిందటి సంక్రాంతికి మరల తలపునకు వచ్చెను. బెంగుళూరులో ఇంజనీరింగు మూడవ సంవత్సరము చదువుచుండిన మా మేనల్లుడు పండుగకు వచ్చి, ఎవరితోను కలియక, పెరటి అరుగుమీద ఒంటరిగా కూర్చుండుట చూచి, నేను మెల్లగా అడిగి అడిగి తెలిసికొనినదేమనగా, హాస్టలునకు కట్టవలసిన నలువది వేల రూపాయలను వాడు ఫోనులో పోకరాడి ఆరు వారములలో పోగొట్టుకొనినాడని. "ఆట రాక కాదు మామయ్యా, ముక్క పడలేదు, అంతే" అనెను. నేను మూడే ప్రశ్నలడిగితిని: చివరి పందెము కాసినప్పుడు మధ్యలో ఉన్న డబ్బెంత, నీవు వేయవలసినదెంత, నీకు కావలసిన ముక్కలు పేకలో ఎన్ని మిగిలియుండెను? వాడు కొంచెముసేపు ఆలోచించి, "అన్ని లెక్కలు ఎవరు వేస్తారు మామయ్యా?" అనెను. "వేసినవాళ్ళే నీ డబ్బు తీసుకున్నార్రా" అని నేను చెప్పితిని. ఆ సాయంకాలమే వంటింటినుండి చింతగింజల డబ్బా తెప్పించి, చెరి రెండువందలు లెక్కపెట్టి, ఒక పేక తీసి ముందు పెట్టితిని. మా అక్కయ్యకు కోపము వచ్చెను. "పండగపూట ఇంట్లో పేకాటేమిట్రా? వాడు చెడిపోయింది చాలక నువ్వు కూడా నేర్పుతున్నావా?" అనెను. వాడు నేర్చుకొనకుండ ఆడినందుననే ఈ చేటు వచ్చినదని ఆమెకు నచ్చజెప్పుటకు నాకు ఒక గంట పట్టెను.

పోకరాట నియమములు కష్టమైనవి గావు. ఒక పూటలో వచ్చును. పందొమ్మిదవ శతాబ్దారంభమున అమెరికాలోని న్యూ ఆర్లియన్సు నగరమునందును, మిసిసిపీ నదిమీద తిరుగు పొగయోడలలోను ఇరువది ముక్కలతో మొదలైన ఈ ఆట, పిమ్మట 52 ముక్కలకు పెరిగి, అనేక రూపములు దాల్చినది. వానిలో నేడు లోకమంతట ప్రచారములో నున్నది టెక్సాస్ హోల్డెమ్ అనునది. పంచినవాని ఎడమప్రక్కనున్న ఇరువురు, ముక్కలు చూడకముందే, నిర్ణీతమైన చిన్న పందెములు మధ్యలో వేయుదురు. వీనికి బ్లైండులని పేరు. ఒక్కొక్కరికి రెండేసి ముక్కలు బోర్లించి పంచుదురు. ఆ రెండు చూచుకొని ఎవరికి వారు పందెమునకు సరిపెట్టుటయో, పెంచుటయో, ముక్కలు పారవైచి తప్పుకొనుటయో చేయవలెను. తరువాత మూడు ముక్కలు అందరికి కనబడునట్లు మధ్యలో పరతురు, మరల పందెము, నాలుగవ ముక్క, మరల పందెము, ఐదవ ముక్క, కడపటి పందెము. చేతిలోని రెండును, నడుమనున్న ఐదును కలిసి ఏడింటిలో మేలైన ఐదింటిని ఏర్చుకొనుట. మిగిలినవారందరు తప్పుకొనినయెడల నిలిచియున్న ఒక్కడు ముక్కలు చూపకయే సొమ్ము తీసికొనును. ఈ కడపటి నియమములోనే ఆటయొక్క ప్రాణమున్నది, దానిని గురించి ముందు చెప్పెదను.

ముక్కల కూటములలో ఏది పెద్దదో ఏది చిన్నదో బట్టీపట్టుట చాలదనియు, అది ఎందువలన పెద్దదో తెలియవలెననియు నా పట్టుదల. మన ఊళ్ళలో పండుగలకు, పెండ్లి విడుదులలో ఆడు మూడుముక్కలాటలో వరుస ముక్కల సీక్వెన్సు ఒకే గుర్తు ముక్కల కలరును గొట్టును. పోకరులో కలరు సీక్వెన్సును గొట్టును. ఇది ఎవరో పెద్దమనుష్యులు కూర్చుండి తమ యిష్టమువచ్చినట్లు చేసిన కట్టడి గాదు. 52 ముక్కలనుండి మూడు ముక్కలను 22,100 విధముల తీయవచ్చును; అందు మామూలు సీక్వెన్సులు 720, కలర్లు 1,096. ఐదేసి ముక్కలు తీసినచో 25,98,960 విధములు. అందు సీక్వెన్సులు 10,200, కలర్లు 5,108. మూడింటిలో అరుదైనది ఐదింటికి వచ్చునప్పటికి సులభమైనది. అందుచేత హోదా తారుమారైనది. జత 10,98,240 విధముల, రెండు జతలు 1,23,552 విధముల, ఒకే విలువగల మూడు 54,912 విధముల, మూడును ఒక జతయు గూడిన ఫుల్‌హౌసు 3,744 విధముల, ఒకే విలువగల నాలుగును 624 విధముల వచ్చును. ఒకే గుర్తులో వరుసగా ఐదు వచ్చుట, రాజు ఆసులతో ముగియు ఉత్తమోత్తమ వరుసలు నాలుగింటితో సహా, నలువది విధములు మాత్రమే. మా మేనల్లుడు ఈ పట్టికను చూచి, రెండు జతలు రాగానే తాను ఎందుకంత ధైర్యముతో డబ్బు కుమ్మరించుచుండెనో తనకే తెలియలేదని చెప్పెను.

నియమములు వచ్చిన పిమ్మట నేర్పవలసిన మొదటి ఉపాయము మానుకొనుట. చేతికి వచ్చు రెండు ముక్కల జోడులు 1,326. అందు జతలు 78, అనగా పదునేడింటికి ఒకటి. ఆసుల జత ఆరు విధములే, అనగా 221 మార్లకు ఒకమారు. మిగిలినవానిలో అధికభాగము పారవేయదగినవి. ఆటలో ఆరితేరినవారు పంచిన చేతులలో ఎక్కువపాలు మొదటనే పారవైచి, ఊరక కూర్చుండి, ఎదుటివారి ఆటను గమనించుచుందురు. క్రొత్తవారు, వచ్చితిమి గనుక ఆడవలెనని ప్రతి చేతిని ఆడుదురు. పంచినవాని స్థానమున కూర్చున్నవాడు మధ్యలో ముక్కలు పడిన పిదపటి పందెములన్నిటిలో అందరికంటె చివర మాటాడును గావున, ఎదుటివారి సంగతి కొంత తెలిసి మాటాడును. కావున అచ్చట మరికొన్ని చేతులు ఆడవచ్చును, ముందు మాటాడవలసిన చోట తక్కువ ఆడవలెను. ఈ ఓపిక మాటలతో రాదు. మొదటి గంటలో మావాడు నలువది చేతులలో ముప్పదికి పైగా ఆడి, నూరు చింతగింజలు పోగొట్టుకొనెను.

రెండవ గంటలో ఒక చేయి వచ్చెను. దానిని కొంచెము దగ్గరగా చూపవలెను. వాని చేతిలో ఆటీను రాణి, ఆటీను ఎనిమిది. నడుమ నాలుగు ముక్కలు పడినవి: ఆటీను రాజు, ఆటీను నాలుగు, ఇస్పేటు జాకీ, కళావరు రెండు. వానికి నాలుగు ఆటీనులైనవి. ఐదవది పడినచో కలరు. నా చేతిలో నల్ల ఆసులు రెండు. మధ్యలో అరువది గింజలుండగా నేను మరి అరువది వేసితిని. వాడు నిలువవలెనన్న అరువది వేయవలెను. గెలిచిన నూట యిరువది వచ్చును. అనగా మూడింట ఒకమారైనను గెలిచినగాని ఆ అరువదియు గిట్టదు. పేకలో పదుమూడు ఆటీనులలో నాలుగు కనబడినవి, తొమ్మిది మిగిలినవి; వానికి కనబడని ముక్కలు నలువదియారు. 46లో 9 అనగా ఐదింట ఒకటికంటె కొంచెము తక్కువ. మూడింట ఒకటి కావలసిన చోట ఐదింట ఒకటి మాత్రమే ఉన్నది, తప్పుకొనవలెను. నేను ఈ లెక్క అంతయు పైకి చెప్పితిని. వాడు విని, గింజలను గుప్పిట బట్టి, "పడుతుంది మామయ్యా, నాకు తెలుస్తోంది" అని అరువదియు మధ్యలోనికి నెట్టెను. ఐదవ ముక్క తిప్పితిని. ఆటీను ఆరు.

వాడు లేచి గంతువేసెను. నాకు మాత్రము ఆ ముక్కను చూడగానే దిగులు కలిగెను. ఏలయన, బెంగుళూరులో వానిని ముంచినది సరిగా ఇటువంటి ముక్కయే. తప్పుడు నిర్ణయమునకు మంచి ఫలము వచ్చిననాడు మనుష్యుడు ఆ తప్పునే విద్య అనుకొనును. అప్పుడు నేను వాని రెండు ముక్కలను, నడుమనున్న నాలుగింటిని అట్లే యుంచి, నా ఆసులు వానికి తెలియవు గనుక వానినిగూడ పేకలో కలిపి, మిగిలిన నలువదియారు ముక్కలను కలుపుచు, ఒక్కొక్క ముక్క తిప్పుచు, అదే చేతిని యాబది మార్లు ఆడించితిని. వాని చెల్లెలు అరుగుమీద సుద్దముక్కతో గీతలు గీచెను. లెక్కప్రకారము పదికి అటునిటుగా రావలెను. పదునొకండు మార్లు ఆటీను పడెను. పదునొకండు మార్లు నూట యిరువదేసి వచ్చిన 1,320 గింజలు. ముప్పదితొమ్మిది మార్లు అరువదేసి పోయిన 2,340 గింజలు. తేడా 1,020 గింజల నష్టము. వాడు ఆ గీతలవంక చాలసేపు చూచెను. తరువాత నాతో నేమియు ననక, వాళ్ళ అమ్మతో, "ఆ ఆరు వారాలూ నేను ఇదే పని చేశానమ్మా" అనెను.

ఇక పైని వాయిదావేసిన సంగతి. మిగిలినవారు తప్పుకొనినచో ఉత్తచేతివాడును గెలుచును గనుక, లేని బలము నున్నట్లు చూపుట ఈ ఆటలో ఒక అంగమైనది. ఇంగ్లీషువారు బ్లఫ్ అనుదానికి మనవారి మేకపోతు గాంభీర్యమనునది అచ్చముగా సరిపోవు మాట. అయితే చాలమంది దీనిని సాహసమనుకొందురు, ఇదియు లెక్కయే. హంగెరీ దేశమున బుట్టిన జాన్ వాన్ నాయ్‌మన్ అను గణితవేత్త 1928లో క్రీడలనుగూర్చి వ్రాసిన పత్రమునకును, 1944లో ఆస్కార్ మార్గెన్‌స్టెర్న్ అను అర్థశాస్త్రజ్ఞునితో గలిసి ప్రకటించిన మహాగ్రంథమునకును, పోకరులోని ఈ మేకపోతు గాంభీర్యము విచారణాంశములలో ఒకటి. బలమున్నప్పుడు మాత్రమే పందెము పెంచువానితో ఎవరును పందెము కాయరు. ఎల్లప్పుడును బుకాయించువానిని ఎవరును నమ్మరు. కడపటి ముక్క పడిన తరువాత మధ్యలో నున్నంత సొమ్మును పందెముగా వేయువాడు, మూడుమార్లలో రెండుమార్లు నిజమైన బలముతోను, ఒకమారు ఉత్తచేతితోను వేసెనేని, ఎదుటివానికి నిలిచినను తప్పుకొనినను ఒకటే యగును. ఎదుటివాని ముఖము చూచి మనస్సు కనిపెట్టుట సినిమాలలోని సంగతి. దీనికి మొదట కావలసినది తన చేతులకు తాను పెట్టుకొను పద్దు.

ఇంత విద్య గల ఆటయే అయినయెడల దీనిని జూదమనవచ్చునా అని అడుగువారు కలరు. సికింద్రాబాదులోని ఒక క్లబ్బునకు సంబంధించిన వ్యాజ్యములో 1967లో సుప్రీంకోర్టు, పడిన ముక్కలను జ్ఞాపకముంచుకొనుటయు, ఏది యుంచుకొని ఏది పారవేయవలెనో తెలియుటయు కావలెను గనుక రమ్మీ ప్రధానముగా నైపుణ్యపు ఆటయే గాని మూడుముక్కలాటవలె కేవలము అదృష్టముపై నడచునది గాదని తీర్పు చెప్పినది. పోకరునుగూర్చి న్యాయస్థానములకు ఏకాభిప్రాయము లేదు. గుజరాతు హైకోర్టు 2017లో దానిని జూదముగనే నిర్ణయించినది. ఈ వాదములో నాకు తోచిన దోషమొకటి కలదు. నైపుణ్యమున్నది గనుక హాని తక్కువ అని ఉభయపక్షములవారును తలంచుచున్నారు. నా అభిప్రాయమున, నైపుణ్యమున్నందుననే తెలియనివానికి హాని ఎక్కువ. లాటరీ చీటి కొన్నవారందరు సమానముగా అజ్ఞులు. ఒకని సొమ్ము మరియొకని కెప్పుడో అకస్మాత్తుగా పోవును. పోకరులో తెలియనివాని సొమ్ము తెలిసినవాని చేతికి దినదినమును, మెల్లమెల్లగా, తప్పక పోవును. నడుమ నడుమ ఒక ఆటీను ఆరు పడి వానిని లేవనీయక కూర్చుండబెట్టును. శకునితో నాడిన ధర్మరాజునకు పట్టినది దురదృష్టము గాదు. అతడు నైపుణ్యపు ఆటలో నైపుణ్యము లేక కూర్చుండెను.

ఫోనులో ఈ అసమానత మరింత పెరిగినది. 2003లో టెన్నెసీ రాష్ట్రమునకు చెందిన క్రిస్ మనీమేకర్ అను ఒక అకౌంటెంటు, ఇంటర్నెట్టులో చిన్న ప్రవేశరుసుముతో అర్హత సంపాదించి, లాస్ వేగాసులోని ప్రపంచ పోటీలో 839 మందిలో ప్రథముడై 25 లక్షల డాలర్లు గెలిచెను. ఆ ఒక్క కథను చూచి ఎందరో యువకులు కంప్యూటర్ల ముందు కూర్చుండిరి. తక్కిన 838 మంది కథను ఎవరును చెప్పలేదు. 2015 నాటికి కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయమువారు ఇరువురాడు పరిమిత పందెపు హోల్డెమును ఇంచుమించు పూర్తిగా సాధించిన కంప్యూటరు కార్యక్రమమును తయారుచేసిరి. 2019లో మరియొక యంత్రము ఆరుగురాడు ఆటలో అగ్రశ్రేణి ఆటగాండ్రనే ఓడించినది. ఇట్టి కాలమున, అర్ధరాత్రి హాస్టలు గదిలో దుప్పటిక్రింద ఫోను పట్టుకొని యాడు పిల్లవానికి ఎదుట కూర్చున్నది మనుష్యుడో యంత్రమో తెలియదు. పైగా ఆటను నడుపువారు ప్రతి పందెపు సొమ్మునుండి తమ పాలు తీసికొందురు గావున, ఆడువారందరి సొమ్మును ఒకచోట గూర్చి చూచిన నది ప్రతిదినమును తరుగుచునే యుండును.

కావున 2017లో తెలంగాణయు, 2020లో ఆంధ్రప్రదేశును డబ్బు పందెపు ఆన్‌లైన్ ఆటలను నిషేధించుటను, ఆగస్టు 2025లో పార్లమెంటు నైపుణ్యమా అదృష్టమా అను భేదమును పాటింపక దేశమంతటను అట్టి ఆటలను మాన్పు చట్టము చేయుటను నేను హృదయపూర్వకముగా స్వాగతించుచున్నాను. కాని చట్టము ఫోనుకు తాళము వేయగలదు. మామిడితోటలో పరచిన దుప్పటికి వేయలేదు. దీపావళినాటి మేడమీది గదికిని, పెండ్లినాటి రాత్రి విడిదింటికిని, రేపు మరియొక పేరుతో మరియొక దేశమునుండి వచ్చు యంత్రమునకును తాళములు లేవు. అచ్చట పిల్లవానికి తోడుగా పోగలిగినది వాని తలలోని లెక్క యొక్కటే. నిషేధము డబ్బునకు జరిగినది. లెక్కకు జరుగలేదు, జరుగరాదు.

అరణ్యవాసములో ధర్మరాజునకు నలుని కథ చెప్పిన బృహదశ్వ మహర్షి, దానిని ముగించిన పిమ్మట అతనికిని అక్షహృదయమును బోధించెను. ఆ విద్యతోనే అతడు కంకుభట్టై విరటుని కొలువున పాచికలాడుచు ఒక సంవత్సరము గడపెను. కాని ఆ బోధ జరుగునప్పటికే రాజ్యము పోయినది, సభలో ద్రౌపదికి జరుగరాని పరాభవము జరిగినది, పండ్రెండేండ్ల అరణ్యవాసము నెత్తిన బడినది. ఆ పాఠమే ద్యూతసభకు ముందు చెప్పినవారు లేకపోయిరి.

మన పదవ తరగతి గణితములో సంభావ్యత అను పాఠమున్నది. ఇంటర్మీడియేటులో మరల నున్నది. ఆ పాఠములలో పేకముక్కల లెక్కలున్నవి. పేకను కంటజూడని పిల్లలును, పేకను చేతబట్టి చూపుటకు సంకోచించు ఉపాధ్యాయులును గలసి, ఎర్రముక్కలెన్ని, బొమ్మముక్కలెన్ని అని నల్లబల్లమీద వ్రాసి, మార్కులు తెచ్చుకొని, మరచిపోవుచున్నారు. గణితోపాధ్యాయులకు నా మనవి యొక్కటే: ఆ పాఠము వచ్చినవారము ఒక పేకయు, దోసెడు చింతగింజలును తరగతికి తీసికొనిపొండు. రెండు ఆటీనులు ఒక పిల్లవాని చేతికిచ్చి, నడుమ నాలుగు ముక్కలు పరచి, అందు రెండు ఆటీనులుండునట్లు చూచి, మిగిలిన నలువదియారింటిని యాబది మార్లు కలిపి తిప్పించుడు. గీతలు పిల్లలచేతనే గీయించుడు. తల్లిదండ్రు లెవరైన ఆక్షేపించినచో, వారినిగూడ పిలిచి ఆ గీతలు లెక్కపెట్టించుడు.